జూలియస్ రోజెన్‌వాల్డు: దుస్తుల వర్తకుడు, పాఠశాలల దాత

లోకమున ధనము గడించినవారి చరిత్రలు అనేకములు కలవు. గడించిన ధనమును బీదలకు పంచిన వారి చరిత్రలు కొన్ని కలవు. కాని దానము చేయుట కూడ ఒక విద్యయే యని యెంచి, దానిని వర్తకమంత శ్రద్ధతో నేర్చుకొనినవారి చరిత్రలు మిక్కిలి అరుదు. అట్టివారిలో అమెరికా సంయుక్త రాష్ట్రములకు చెందిన జూలియస్ రోజెన్‌వాల్డు ఒకడు. ఆయన కుట్టిన దుస్తులను అమ్మి జీవితమారంభించెను. గొప్ప వర్తక సంఘమునకు అధ్యక్షుడాయెను. తుదకు వేలకొలది పల్లెబడులు వెలయుటకు కారకుడాయెను. పాఠశాలలో కూర్చుండి యీ పత్రికను చదువుచున్న విద్యార్థులకు, ఆ పాఠశాలకు తమ పిల్లలను పంపుచున్న తలిదండ్రులకు ఈ చరిత్ర తెలియుట యుక్తమని తోచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

1. బాల్యము

జూలియస్ రోజెన్‌వాల్డు 1862వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీన ఇల్లినాయి రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. ఆ పట్టణముననే అబ్రహాము లింకను న్యాయవాదిగా జీవించి, పిదప దేశాధ్యక్షుడై వాషింగ్టను నగరమునకు వెళ్లెను. లింకను గృహమునకు కొద్దిదూరముననే రోజెన్‌వాల్డు జన్మించిన యిల్లు ఉండెను. బానిసత్వమును గూర్చిన అంతర్యుద్ధము అప్పుడు జరుగుచుండెను.

తండ్రియైన శామ్యూలు యూదుడు. 1854లో జర్మనీ దేశమునుండి వలసవచ్చినవాడు. ఆయన మొదట సరకుల మూటను వీపుపై మోసికొని యూరూర తిరిగి అమ్మెను. తరువాత హామర్‌స్లా సోదరుల దుస్తుల దుకాణములో పనికి కుదిరి, వారి చెల్లెలైన అగస్టాను వివాహమాడెను. కాలక్రమమున స్ప్రింగ్‌ఫీల్డులోని దుకాణము ఆయనదే యాయెను. ఇట్లు జూలియస్ బట్టల నడుమనే పెరిగెను. ఉన్నత పాఠశాలలో రెండేండ్లు మాత్రమే చదివి విడిచిపెట్టెను. కళాశాల ముఖము చూడలేదు. తనకు దొరకని విద్యను పరులకు సమకూర్చుటయందు ఆయన యెంత శ్రమించెనో ముందు చూడగలము.

2. దుస్తుల వ్యాపారము

1879లో జూలియస్ న్యూయార్కు నగరమునకు పోయి మేనమామల వద్ద వర్తకము నేర్చుకొనెను. ఆ కాలమునకు ముందు పురుషుడు మంచి దుస్తులు కావలెనన్న దర్జీకి కొలతలిచ్చి కుట్టించుకొనవలసియుండెను. అంతర్యుద్ధకాలమున లక్షలకొలది సైనికులకు ఒక్కసారిగా దుస్తులు కావలసివచ్చినప్పుడు, మనుష్యుల కొలతలు కొన్ని తరగతులుగా మరల మరల వచ్చుచున్నవని వర్తకులు కనుగొనిరి. యుద్ధానంతరము ఆ కొలతల ననుసరించి ముందుగానే కుట్టి సిద్ధపరచిన దుస్తులు అమ్ముట విస్తరించెను. దర్జీకూలి భరింపలేని సామాన్యుడు కూడ చక్కని కోటు తొడుగుకొనుటకు వీలయ్యెను.

ఈ మార్పులోని సారమును జూలియస్ చక్కగా గ్రహించెను. 1884లో న్యూయార్కులో సొంత దుకాణము తెరచెను. మరుసటి యేట చికాగో నగరమునకు చేరి, తన జ్ఞాతియైన జూలియస్ వైలుతో కలిసి రోజెన్‌వాల్డ్ అండ్ వైల్ అను పేర పురుషుల దుస్తులు తయారుచేయు వ్యాపారము స్థాపించెను. 1890లో అగస్టా నుస్‌బాము అను కన్యను వివాహమాడెను. వారికి అయిదుగురు సంతానము కలిగిరి.

ఆ యౌవనకాలమున ఆయన తన కోరికను ఒక మిత్రునితో చెప్పెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. సంవత్సరమునకు పదునైదువేల డాలరుల రాబడి కలిగిన చాలుననియు, అందు అయిదువేలు కుటుంబమునకు, అయిదువేలు నిలువకు, అయిదువేలు ధర్మమునకు వినియోగింతుననియు ఆయన చెప్పెనట. ధనము చేతికి రాకపూర్వమే ధర్మమునకు పాలు విడదీసియుంచిన సంగతి గమనింపదగినది.

3. టపాద్వారా వర్తకము

రిచర్డు సియర్సు అనునతడు మొదట రైలుస్టేషనులో పనిచేయుచు గడియారములు అమ్మనారంభించి, పిదప ఆల్వా రోబకుతో కలిసి టపాద్వారా సరకులు పంపు వ్యాపారము పెట్టెను. ప్రకటనలు వ్రాయుటలో సియర్సును మించినవాడు లేడు. సరకు తన వద్ద లేకున్నను ముందు ప్రకటించి, ఆర్డరులు వచ్చిన పిమ్మట దానిని వెదకుట ఆయనకు అలవాటు. అట్లు దుస్తులకొరకు వచ్చి రోజెన్‌వాల్డు వద్ద ఖాతాదారుడాయెను. 1895లో రోబకు తప్పుకొనగా, రోజెన్‌వాల్డును ఆయన బావమరిదియైన ఆరన్ నుస్‌బామును చెరి 37,500 డాలరులు పెట్టి వ్యాపారములో సగభాగము కొనిరి.

సియర్సు అమ్మకము తెచ్చెను. రోజెన్‌వాల్డు క్రమము తెచ్చెను. ఆర్డరులు గుట్టలుగా పేరుకొనిపోవుట, ఒక సరకునకు బదులు మరియొకటి పోవుట, తిరిగివచ్చిన మూటలతో గదులు నిండుట మొదలగు లోపములను సరిచేయుటకు ఆయన పూనుకొనెను. 1906లో చికాగో పడమటి భాగమున విశాలమైన క్రొత్త భవనములు కట్టించిరి. అందు ప్రతి ఆర్డరునకు కాలము నిర్ణయింపబడి, ఆ వేళకు ఆ సరకు కట్టబడవలసిన చోటికి చేరుచుండెను. కేటలాగులో వ్రాసిన వర్ణన సరకునకు సరిపోవలెననియు, కొన్నవానికి తృప్తి లేనిచో సొమ్ము తిరిగి యియ్యవలెననియు పట్టుపట్టెను. సరకులను పరీక్షించుటకు 1911లో ప్రయోగశాల నేర్పరచిరి. ఊరనున్న ఒక్క దుకాణముపై ఆధారపడి, అతడు చెప్పిన వెలకు కొనుచుండిన పల్లెటూరి రైతులకు ఈ కేటలాగు గొప్ప మేలు చేసెను. 1908లో సియర్సు తప్పుకొనగా రోజెన్‌వాల్డు అధ్యక్షుడై 1924 వరకు ఆ పదవియందుండెను.

అయినను ఆయన వర్తకజీవితమున మచ్చలే లేవనుట సత్యము కాదు. 1913లో ఇల్లినాయి శాసనసభవారి విచారణసంఘము ఎదుట, పనికత్తెల తక్కువ జీతములను గూర్చి ఆయనను ప్రశ్నించిరి. తక్కువ జీతమునకును, కన్యలు చెడుదారి త్రొక్కుటకును సంబంధము లేదని ఆయన వాదించెను. దూరముననున్న బీదలకు ఉదారముగా ఇచ్చువాడు తన యింటి పనివారి జీతమును గూర్చి యేల తడుముకొనవలెనని పలువురు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. 1916లో పనివారికి లాభములలో భాగము లభించు నిధియొకటి స్థాపింపబడెను. 1921లో దేశమంతట బేరములు పడిపోయి కంపెనీ మునుగునట్లున్నప్పుడు, రోజెన్‌వాల్డు తన సొంత ఆస్తినుండి సుమారు రెండుకోట్ల డాలరుల సహాయమును ఒడ్డి దానిని నిలిపెను.

4. మనస్సు మారిన విధము

చికాగోలోని యూదుల సమాజమందిరమున ఎమిల్ హిర్ష్ అను ధర్మబోధకుడుండెను. దానమనునది కలవాని దయాదాక్షిణ్యము కాదనియు, లేనివానికి చెందవలసిన న్యాయమనియు ఆయన బోధ. ఈ బోధ రోజెన్‌వాల్డు హృదయమున నాటుకొనెను.

1908 ఆగస్టులో, ఆయన పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డులోనే, లింకను నివసించిన పట్టణముననే, తెల్లవారి గుంపులు నల్లజాతివారి యిండ్లు తగులబెట్టి కొందరిని చంపిరి. దేశమంతయు సిగ్గుపడెను. 1910లో రోజెన్‌వాల్డు బుకర్ టి. వాషింగ్టను యొక్క స్వీయచరిత్రను చదివెను. వాషింగ్టను బానిసగా పుట్టి, ఉప్పు కొలుములయందును బొగ్గు గనులయందును పనిచేసి, చదువుకొని, అలబామా రాష్ట్రమున టస్కీగీ విద్యాలయమును వృద్ధిచేసిన మహనీయుడు. రష్యా మొదలగు దేశములలో యూదులు అనుభవించుచున్న హింసకును, తన దేశమున నల్లజాతివారు అనుభవించుచున్న హింసకును గల పోలికను రోజెన్‌వాల్డు గుర్తించెను.

ఆయన మొదటి పెద్ద దానము వై.ఎం.సి.ఏ. భవనములకు. ఈ సంఘము పేరు మన పట్టణములలో కూడ పరిచితమే. నాడు అమెరికాలో నల్లజాతి యువకులకు తెల్లవారి వసతిగృహములలో ప్రవేశము లేదు. నల్లజాతివారికై భవనము కట్టుటకు 75,000 డాలరులు కూడబెట్టిన ప్రతి పట్టణమునకును తాను 25,000 డాలరులు ఇత్తునని ఆయన ప్రకటించెను. ఇరువదికి మించిన పట్టణములు ఆ మాటను స్వీకరించి భవనములు కట్టుకొనెను. యూదుడైన దాత క్రైస్తవ సంఘమునకు, తన జాతివారు కాని యువకులకొరకు ఇచ్చెనన్న మాట మరువరానిది.

1911లో ఆయన వాషింగ్టనును చికాగోలో కలిసికొని, ఆ యేడే టస్కీగీకి పోయి విద్యాలయమును కన్నులార చూచెను. మరుసటి యేట దాని పాలకవర్గమున సభ్యుడాయెను.

5. ఆరు చిన్న బడులు

1912 ఆగస్టు 12న రోజెన్‌వాల్డునకు ఏబదియేండ్లు నిండెను. ఆ దినమున ఆయన వేరువేరు సంస్థలకు సుమారు ఏడులక్షల డాలరులు పంచియిచ్చెను. అందు 25,000 టస్కీగీకి సంబంధించిన పనులకు చేరెను. ఆ మొత్తములో కొంత మిగిలియుండగా, దానితో టస్కీగీ చుట్టుపట్ల పల్లెలలో ఆరు చిన్న బడులు కట్టించుటకు అనుమతింపుమని వాషింగ్టను కోరెను. రోజెన్‌వాల్డు సమ్మతించెను.

ఆ పల్లెల స్థితి యెట్టిదో ముందు తెలిసికొనవలెను. 1896లో అత్యున్నత న్యాయస్థానము, జాతులను వేరుగా ఉంచినను వసతులు సమానముగా ఉన్నచో తప్పులేదని తీర్పు చెప్పెను. దక్షిణ రాష్ట్రములవారు వేరుచేయుటను నిలుపుకొనిరి, సమానముచేయుటను మరచిరి. నల్లజాతివారు పన్ను చెల్లింపుచుండిరి. కాని ఆ పన్ను సొమ్ములో అధికభాగము తెల్లవారి బడులకు పోవుచుండెను. వీరి పిల్లలు గుడిలోనో, పాడువడిన కొట్టములోనో, పలకబల్ల లేక, వెలుతురు లేక, ప్రత్తికోత లేని కొద్ది మాసములు మాత్రమే చదువుచుండిరి.

మొదటి బడి అలబామాలోని లోచాపోకా గ్రామమున 1913లో ముగిసెను. దాని లెక్క చూడుడు. మొత్తము ఖర్చు 942 డాలరుల 50 సెంట్లు. అందు రోజెన్‌వాల్డు ఇచ్చినది 300. తెల్లవారు ఇచ్చినది 360. ఆ గ్రామపు నల్లజాతివారు 150 డాలరులు సొమ్ముగాను, 132 డాలరుల 50 సెంట్ల విలువగల కాయకష్టముగాను ఇచ్చిరి. ఈ చిన్న లెక్కలోనే ఆ పిదప జరిగిన పనియంతటి రహస్యము కలదు. దాత ఒక్కడే కట్టించిన బడి దాతదగును. ఊరివారు చేయి కలిపి కట్టుకొనిన బడి ఊరిదగును.

1914లో ఆయన నూరు బడులకు సహాయము చేయుటకు 30,000 డాలరులు వాగ్దానము చేసెను. 1915 నవంబరులో వాషింగ్టను మరణించెను గాని పని ఆగలేదు. 1917లో రోజెన్‌వాల్డు నిధి స్థాపింపబడెను. 1920లో బడుల నిర్మాణపు కచేరీ టెన్నెసీ రాష్ట్రమందలి నాష్‌విల్లు నగరమునకు మారగా, శామ్యూల్ ఎల్. స్మిత్ దానికి అధికారియాయెను.

6. బడి కట్టించు నియమములు

నిధివారు ఊరక సొమ్ము పంపలేదు. మొదట ఊరివారు తమ పాలు కూడబెట్టవలెను. స్థలము, భవనము ప్రభుత్వ విద్యాశాఖ పేర వ్రాయవలెను. ఆ శాఖవారును తమ పాలు చెల్లించి, పిదప ఉపాధ్యాయుని జీతము మొదలగు ఖర్చులు భరింపవలెను. ఇట్లు, నల్లజాతి పిల్లల చదువు తమ బాధ్యత కాదని తప్పించుకొనుచున్న అధికారులను ఈ దానము బాధ్యతలోనికి లాగెను.

భవనముల పటములు కూడ నిధివారే ఇచ్చిరి. మొదటి పటములు సిద్ధపరచినవారిలో ముఖ్యుడు టస్కీగీలోని రాబర్టు ఆర్. టేలరు. ఆయన మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున 1892లో పట్టము పొందిన మొదటి నల్లజాతివాడు. తరువాత స్మిత్ ఆ పటములను విస్తరింపజేసెను. పల్లెలలో విద్యుద్దీపములు లేవు గనుక, ఎత్తైన కిటికీలు వరుసగా ఒక్కచోట అమర్చి, సూర్యుని వెలుతురు తూర్పునుండియో పడమటినుండియో వచ్చునట్లు భవనమును నిలిపిరి. వ్రాయుచున్న చేతినీడ కాగితముపై పడకుండ వెలుతురు పిల్లవాని యెడమవైపునుండి రావలెనని బల్లలు వేయించిరి. రెండు తరగతుల నడుమ మడచు తలుపులు పెట్టి, వాటిని తెరచినప్పుడు ఊరివారందరు కూడుకొను సభాస్థలమగునట్లు చేసిరి. చేతిపనులకు వేరొక గదియుండెను. ఈ వివరములు చదువునప్పుడు మన తరగతి గదులలో వెలుతురు ఏ వైపునుండి వచ్చుచున్నదో విద్యార్థులు ఒకసారి చూచుకొనుట మంచిది.

7. బీదల దానము

ఊరివారు తమ పాలు ఎట్లు కూడబెట్టిరి? వారిలో పలువురు పరుల భూమిని పాలికి దున్నుకొనువారు. కోడిపెట్టలనమ్మిరి, గ్రుడ్లనమ్మిరి, స్త్రీలు విందుభోజనములు వండి అమ్మిరి. కొన్ని ఊళ్లలో ఒక చెక్క పొలమును బడికై విడచి, అందు పండిన ప్రత్తి సొమ్మును బడికే చేర్చిరి. సొమ్ము లేనివారు కలప కోసిరి, బండ్లు తోలిరి, మేకులు కొట్టిరి.

అలబామాలో జరిగిన యొక సభను గూర్చి నిధి తరపున తిరిగిన ప్రచారకుడు వ్రాసినది చదివిన కన్నులు చెమర్చును. బానిసత్వపు దినములు చూచిన వృద్ధుడొకడు, తన జీవితమంతయు కూడబెట్టిన సొమ్మును జిడ్డుపట్టిన పాతసంచిలో తెచ్చి బల్లపై క్రుమ్మరించెను. అది 38 డాలరులు. తన మనుమల పిల్లలకైనను చదువు దొరకవలెనని అతని కోరిక. కోటీశ్వరుడు కోటిలో కొంత ఇచ్చెను. ఈతడు ఉన్నదంతయు ఇచ్చెను.

1932లో నిర్మాణకార్యము ముగియునప్పటికి లెక్క ఇట్లుండెను. పదునైదు రాష్ట్రములలో 4,977 బడులు, 217 ఉపాధ్యాయ గృహములు, 163 చేతిపనుల శాలలు కట్టబడెను. మొత్తము ఖర్చు 2,84,08,520 డాలరులు. అందు ప్రభుత్వపు పన్నుల సొమ్ము 1,81,05,805. నల్లజాతివారు ఇచ్చినది 47,25,871. రోజెన్‌వాల్డు నిధివారిది 43,64,869. తెల్లవారి చందాలు 12,11,975.

విద్యార్థులు ఈ అంకెలను కూడి చూచుకొనవచ్చును. అందొక గొప్ప సంగతి కనబడును: అమెరికాలోని ధనవంతులలో ఒకని నిధి ఇచ్చినదానికంటె నిరుపేదలైన నల్లజాతివారు ఇచ్చినది ఎక్కువ. ఈ బడులకు రోజెన్‌వాల్డు పేరు నిలిచినను, వీటి మొదటి దాతలు ఆ పేరులేని పల్లెవారే.

ఇచ్చట న్యాయవిచారణ చేయవలసిన ప్రశ్నయొకటి కలదు. పన్ను చెల్లించి, బడి రాక, మరల చందా వేసికొని బడి కట్టుకొనుట అనగా ఒక్క వస్తువునకు రెండుసార్లు వెల చెల్లించుటయే. తెల్లవారి పిల్లలకు ఒక్కసారితో దొరకినది వీరికి రెండుసార్లు చెల్లించినగాని దొరకలేదు. రోజెన్‌వాల్డు పద్ధతి ఈ అన్యాయమును సరిదిద్దలేదు. దానికి లోబడియే పనిచేసెను. జాతులను వేరుచేయు శాసనమును ఆ బడులు ఎదిరింపలేదు. టస్కీగీవారు చేతిపనులకు మిక్కిలి ప్రాధాన్యమిచ్చి ఉన్నతవిద్యను వెనుకకు నెట్టుచున్నారని డబ్ల్యు. ఇ. బి. డూబాయిస్ వంటి విద్వాంసులు ఆనాడే విమర్శించిరి. ఈ విమర్శలో సత్యము కలదు. అయితే శాసనము మారువరకు ఆగుమని ఏడేండ్ల పిల్లవానితో చెప్పుట ఎట్లు? శాసనము మారుటకు ఇంకను నలువదియేండ్లు పట్టెను. అంతలో ఆ పిల్లవాడు చదువులేని పెద్దవాడగును. రెండు మాటలును మనస్సున ఉంచుకొని ఈ చరిత్రను చదువవలెను.

8. ఫలితములు

1928 నాటికి దక్షిణ రాష్ట్రముల పల్లెలలో నల్లజాతివారి బడులు అయిదింటిలో ఒకటి ఈ విధముగా కట్టబడినదే. పల్లెపిల్లలలో మూడవవంతు వీటియందు చదువుచుండిరి. 2011లో ఇద్దరు అర్థశాస్త్రజ్ఞులు పాత జనాభాలెక్కలను పరిశీలించి ప్రకటించిన వ్యాసమున, ఆ కాలపు దక్షిణ పల్లెలలో నల్లవారికిని తెల్లవారికిని చదువునందు గల వ్యత్యాసము తగ్గుటలో సుమారు నూటికి నలువదిపాళ్లు ఈ బడులవలననే యని తేల్చిరి. కవయిత్రి మాయా ఆంజెలూ, పౌరహక్కులకై దెబ్బలు తిని పిదప శాసనసభ్యుడైన జాన్ లూయిస్ ఇట్టి బడులలో చదివినవారే.

నిధివారు బడులతోపాటు ప్రతిభ గలవారికి వేతనములు కూడ ఇచ్చిరి. గాయకురాలు మేరియన్ ఆండర్సను, కవి లాంగ్‌స్టన్ హ్యూసు, వైద్యుడు చార్లెస్ డ్రూ మొదలగువారు ఈ సహాయము పొందిరి. టస్కీగీవారిని విమర్శించిన డూబాయిస్‌కు కూడ నిధివారు వేతనమిచ్చిరి. కెన్నెతు క్లార్కు, మేమీ క్లార్కు అను దంపతులు ఈ వేతనముతో చిన్నపిల్లలకు నల్లబొమ్మలను తెల్లబొమ్మలను చూపి, వేరుచేయుటవలన పసిమనస్సులు ఎట్లు గాయపడుచున్నవో పరిశోధించిరి. 1954లో అత్యున్నత న్యాయస్థానము, బడులలో జాతులను వేరుచేయుట న్యాయవిరుద్ధమని తీర్పు చెప్పినప్పుడు ఆ పరిశోధన కూడ ఆధారములలో ఒకటిగా పేర్కొనబడెను. అన్యాయపు శాసనమునకు లోబడి బడులు కట్టిన నిధియే, ఆ శాసనము కూలుటకు కూడ కొంత తోడ్పడెనని చెప్పవచ్చును.

9. దానమును గూర్చిన సిద్ధాంతము

ధర్మనిధి యనగా శాశ్వతముగా ఉండవలెననియు, వడ్డీ మాత్రమే ఖర్చుచేయవలెననియు అందరు తలంతురు. రోజెన్‌వాల్డు ఇందుకు విరోధి. 1929లో ఒక మాసపత్రికలో వ్యాసము వ్రాసి తన మతమును వెల్లడించెను. చనిపోయినవారి చేయి బ్రదికియున్నవారిని కట్టివేయరాదని ఆయన భావము. సెయింట్ లూయిస్ నగరమున 1851లో ఒకడు, పడమటి దేశమునకు కాపురమునకై పోవు బాటసారుల సహాయార్థము ఆస్తి వ్రాసెను. రైళ్లు వచ్చి, అట్టి బాటసారులు లేకపోయినను ఆ సొమ్ము మాత్రము కదలక నిలిచిపోయెను. ప్రతి తరమువారు తమ కాలపు కష్టములను తామే తీర్చుకొందురనియు, ఈ తరపు ధనము ఈ తరపు బాధలకే వెచ్చింపవలెననియు రోజెన్‌వాల్డు వాదించెను. వాదించుటయే కాదు, 1928లో తన నిధికి అట్టి నియమమునే విధించెను: తాను మరణించిన యిరువదియైదేండ్లలో అసలుతో సహా అంతయు ఖర్చుకావలెను. ధర్మకర్తలు ఆ గడువుకంటె ముందుగానే, 1948లో పని ముగించి నిధిని మూసివేసిరి.

పేరును గూర్చియు ఆయన అట్లే తలంచెను. 1911లో జర్మనీలోని మ్యూనికు నగరమున తన చిన్న కుమారుడు విలియము అచ్చటి యంత్రములను మీటలు త్రిప్పి చూచుచు విడువక నిలుచుట గమనించి, చికాగోలో కూడ అట్టి ప్రదర్శనశాల ఉండవలెనని తలపోసెను. 1926లో దానికై ముప్పదిలక్షల డాలరులు వాగ్దానము చేసెను. దానికి తన పేరు పెట్టుట ఆయనకు ఇష్టము లేదు. 1933లో తెరువబడిన ఆ విజ్ఞాన పరిశ్రమల ప్రదర్శనశాల అనేక సంవత్సరములు దాత పేరు లేకయే ప్రసిద్ధికెక్కెను.

10. అవసానము

జూలియస్ రోజెన్‌వాల్డు 1932 జనవరి 6న చికాగో సమీపమున తన గృహమందు, అరువదితొమ్మిదవ యేట, మరణించెను. జీవితకాలమున ఆయన ఇచ్చినది సుమారు ఆరుకోట్ల డాలరులని లెక్కకట్టిరి. 1954 తీర్పు తరువాత పిల్లలు కలిసి చదువనారంభింపగా పాత బడులు ఒక్కొక్కటిగా మూతపడెను. పెక్కు భవనములు కూలిపోయెను. సుమారు పదింట ఒకటి మాత్రము నిలిచియున్నదని అంచనా. వాటిలో చదివిన వృద్ధులు కొన్నిటిని బాగుచేయించి సభాశాలలుగా కాపాడుకొనుచున్నారు. ఈ చరిత్రకు జాతీయోద్యానము నేర్పరచుట సాధ్యమేమో పరిశీలింపుడని 2021లో అమెరికా ప్రభుత్వమువారు శాసనము చేసిరి.

బడులు మూతపడుట చూచి ఆయన విచారించియుండునా? తన నిధియే ముగియవలెనని కోరినవాడు విచారింపడని తోచుచున్నది. వేరుబడి అక్కరలేని కాలము వచ్చుటయే వేరుబడి చేయగలిగిన గొప్ప పని.

విద్యార్థులారా! ఈ చరిత్రనుండి ధనము గడింపుడని మాత్రమే నేర్చుకొనకుడు. మీరు కూర్చుండు బల్ల, మీరు వ్రాయు పలక, మీ తలపైనున్న కప్పు ఎవరో ఒకరు, అనేకులు కలిసి, తమ కూడునుండి తీసి యిచ్చినవి. దాతల పేర్లు రాతిపలకలపై ఉండవచ్చును. కాని కలప మోసినవారి పేర్లు అందుండవు. వారి ఋణము తీరు మార్గము ఒక్కటే: మీకు దొరకిన చదువు దొరకనివానికి మీ చేతనైనంత అందజేయుట. తలిదండ్రులును, బడి ఇతరులదని యెంచక తమదిగా భావించి, దాని మంచిచెడ్డలలో పాలుపంచుకొందురుగాక.

అభ్యాసము

1. అంతర్యుద్ధమువలన కుట్టిన దుస్తుల వర్తకము ఎట్లు విస్తరించెను?
2. లోచాపోకా బడి ఖర్చులో ఒక్కొక్కరి పాలు నూటికి ఎంతయగునో లెక్కకట్టుడు. 1932 నాటి మొత్తపు లెక్కతో దానిని పోల్చుడు.
3. వెలుతురుకొరకు ఆ బడులలో చేసిన యేర్పాటులేవి? మీ తరగతి గదిని అట్లు పరీక్షించి వ్రాయుడు.
4. ఒక్క బడికి రెండుసార్లు వెల చెల్లించుట అనగా నేమి? దీనిని గూర్చి మీ యభిప్రాయమును కారణములతో తెలుపుడు.
5. ధర్మనిధి శాశ్వతముగా ఉండుట మేలా, గడువులో ముగియుట మేలా? ఇరుపక్షములను తీసికొని మీ సాహిత్యసంఘమున వాదింపుడు.